విండోస్ 10 మీదే ఉండాలా, 11కి మారాలా: ఒక ప్రశ్నలో కలిసిపోయిన మూడు ప్రశ్నలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. 2015 జూలై 29న వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ అది, పదేళ్లకు పైగా నడిచింది. ఇప్పటికీ ఇళ్లలో, షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో దాని మీదే పని చేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?" అని వాళ్లు అడిగితే మనిషికో జవాబు వస్తుంది. మార్చకపోతే బ్యాంకు ఖాతా ఖాళీ అయిపోతుందని ఒకరు భయపెడతారు. కొత్త లాప్‌టాప్‌లు అమ్ముకోవడానికే ఇదంతా అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. మార్చాక మెషీన్ ఈడుస్తోందని మూడో మనిషి వాపోతాడు.

ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. చిక్కేమిటంటే మొదటి మనిషి మాట్లాడేది భద్రత గురించి, రెండో మనిషి మాట్లాడేది కంపెనీ పెట్టిన హార్డ్‌వేర్ షరతుల గురించి, మూడో మనిషి మాట్లాడేది రోజువారీ వాడకం గురించి. ఈ మూడింటినీ విడదీసి చూస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, మిగిలిన సగం ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

సపోర్ట్ ముగిస్తే ఆగేదేమిటి, ఆగనిదేమిటి

సపోర్ట్ ముగిసిన మర్నాడు కంప్యూటర్ ఆగిపోదు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, ప్రింటర్ పని చేస్తుంది, ఇంటర్నెట్ వస్తుంది. ఆగేది ఒక్కటే: ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసే భద్రతా సవరణలు. వాటినే ప్యాచ్‌లు అంటారు. విండోస్‌లో ఎక్కడో ఒక లోపం బయటపడుతుంది, దాన్ని వాడుకుని బయటివాళ్లు చొరబడే వీలుంటుంది, ప్యాచ్ ఆ లోపాన్ని పూడుస్తుంది. ఇకనుంచి విండోస్ 10లో దొరికే కొత్త లోపాలు మామూలుగా పూడవు.

అన్నీ ఒకేసారి ఆగలేదన్నది చాలామందికి చేరని విషయం. విండోస్‌లో ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌కి కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు అందుతుంది. మైక్రోసాఫ్ట్ 365 యాప్‌లకు (వర్డ్, ఎక్సెల్ లాంటివాటికి) భద్రతా సవరణలు కూడా విండోస్ 10 మీద 2028 అక్టోబర్ 10 దాకా వస్తాయి. ఎడ్జ్ బ్రౌజర్ కూడా కనీసం అప్పటివరకు అప్‌డేట్ అవుతుంది. విండోస్ 7 విషయంలో ఏం జరిగిందో చూసినా ఇదే అర్థమవుతుంది. దానికి సపోర్ట్ 2020 జనవరిలో ముగిసింది, క్రోమ్ బ్రౌజర్ దాన్ని వదిలేసింది మాత్రం 2023 ఫిబ్రవరిలో. మధ్యలో మూడేళ్లు గడిచాయి.

అయితే యాంటీవైరస్ ఉంటే చాలా? చాలదు. యాంటీవైరస్ చెడ్డ ప్రోగ్రామ్‌ని గుర్తుపట్టి ఆపడానికి చూస్తుంది. లోపం మాత్రం విండోస్‌లోనే ఉంటుంది, దాన్ని పూడ్చే పని యాంటీవైరస్‌ది కాదు. పైగా విండోస్ 10, 11 రెండింటిలోనూ లోపలి కోడ్ చాలావరకు ఒకటే. విండోస్ 11కి ప్యాచ్ వచ్చిందంటే, ఏ భాగాన్ని మార్చారో పోల్చి చూసి అసలు లోపం ఎక్కడుందో పసిగట్టేవాళ్లు ఉంటారు. అదే లోపం విండోస్ 10లో పూడకుండా ఉండిపోతే, కొత్తదానికి వచ్చిన మందే పాతదాని జబ్బు ఏమిటో ఊరంతా చాటినట్టవుతుంది.

వానాక్రై నుంచి రెండు వైపులా తీసే పాఠాలు

భయపెట్టేవాళ్లు తప్పకుండా ఎత్తే పేరు వానాక్రై. 2017 మే 12న మొదలైన ఆ దాడి ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. తీవ్రత చూసి మైక్రోసాఫ్ట్, 2014లోనే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అత్యవసరంగా ప్యాచ్ ఇచ్చింది.

ఈ కథలో తరచూ వదిలేసే భాగం ఒకటుంది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీ మెషీన్లు కావు, విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7కి సపోర్ట్ ఉంది. ఆ లోపానికి ప్యాచ్ కూడా దాడికి రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. దాన్ని వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు. అంటే, కొత్త విండోస్ ఉన్నంత మాత్రాన భద్రత రాదు. అదే సమయంలో, ఒక ప్యాచ్ లేకపోతే రెండు నెలల్లో ఏం జరగొచ్చో కూడా ఆ దాడే చూపించింది. విండోస్ 10 వాడేవాళ్లకు ఇప్పుడున్న ఇబ్బంది, అప్‌డేట్ వేసుకుందామన్నా మామూలు దారిలో అది రాకపోవడం.

ఇంట్లో రౌటర్ వెనక ఉండే లాప్‌టాప్‌కి రేపే ముప్పు ముంచుకొస్తుందని చెప్పడం అతిశయోక్తే. పూడని లోపాలు నెలనెలా పోగవుతాయి కాబట్టి ముప్పు కాలంతో పాటు పెరుగుతుంది. మొదటి నెలలో కనిపించని తేడా రెండేళ్లకు పెద్దదవుతుంది.

ఎనిమిదో తరం దగ్గర గీత

ఇప్పుడు రెండో ప్రశ్న. విండోస్ 11 ఉచితమే అయినప్పుడు అందరూ ఎందుకు వేసుకోలేకపోతున్నారు?

2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చినప్పుడు దానికి పెట్టిన షరతుల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ లాంటివి పెద్ద సమస్య కాదు. అడ్డుపడినవి రెండు: టీపీఎం 2.0, ప్రాసెసర్ జాబితా. టీపీఎం అంటే పాస్‌వర్డ్‌లకు, డిస్క్ తాళానికి సంబంధించిన రహస్య సంకేతాలను విడిగా దాచే చిన్న భద్రతా విభాగం. కొన్నింట్లో అది ప్రత్యేక చిప్, చాలావాటిలో ప్రాసెసర్‌కి సంబంధించిన ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. డెస్క్‌టాప్‌లలో, ముఖ్యంగా అసెంబుల్ చేయించినవాటిలో, అది ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు మొదలయ్యే, మెషీన్ సొంత సెట్టింగ్‌లుండే చోట) ఆఫ్ అయి ఉండటం మామూలే. "ఈ పీసీ పనికిరాదు" అనే సందేశం చూసి కొత్తది కొనడానికి సిద్ధపడ్డవాళ్లలో కొందరికి అసలు కావలసింది ఆ సెట్టింగ్ మార్చడమే.

ప్రాసెసర్ షరతుకి అలాంటి విరుగుడు లేదు. ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీ అయితే దాదాపు రైజెన్ 2000 శ్రేణి నుంచి మాత్రమే అధికారిక జాబితాలో ఉన్నాయి. ప్రాసెసర్ పేరు ఐ5-8250యూ అని ఉంటే 8250లో మొదటి అంకె 8, అంటే ఎనిమిదో తరం. ఐ5-7200యూ ఏడో తరం. ఐ5-10210యూలో ఐదంకెలున్నాయి కాబట్టి మొదటి రెండూ కలిపి చూడాలి, అది పదో తరం.

మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణాల్లో బలమున్నవి ఉన్నాయి. విండోస్‌లోని కీలక భాగాలను మిగతా ప్రోగ్రామ్‌ల నుంచి వేరుచేసి కాపాడే పద్ధతి కొత్త ప్రాసెసర్లలో వేగం పెద్దగా తగ్గకుండా నడుస్తుంది, పాతవాటిలో బరువవుతుంది. పరీక్షల దశలో, కనీస షరతులకు తూగని మెషీన్లలో విండోస్ మూలభాగం కుప్పకూలడం 52 శాతం ఎక్కువగా కనిపించిందని కూడా ఆ సంస్థ 2021లో ప్రకటించింది.

విమర్శకుల వాదనలోనూ అంతే పస ఉంది. ఆ భద్రతా పద్ధతికి కావలసిన వసతి ఏడో తరం ఇంటెల్‌లోనే ఉంది, మరి గీత ఎనిమిది దగ్గర ఎందుకు? ఏడో తరంలో కొన్నింటికి తర్వాత మినహాయింపు ఇచ్చారు. అందులో ఒకటి మైక్రోసాఫ్ట్ అప్పట్లో స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 కంప్యూటర్‌లోని ప్రాసెసర్. ఆధునిక డ్రైవర్ల (మెషీన్ భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్ల) ప్రమాణం పాటించే పరికరాలకే మినహాయింపు అని కంపెనీ వివరణ. అది అబద్ధం అనను. కానీ అదే తరం లాప్‌టాప్ కొన్న సామాన్యుడికి అది సంతృప్తికరమైన జవాబు కాదు. నా ఉద్దేశంలో భద్రత కోసం ఎక్కడో ఒక గీత గీయడం సమంజసమే. ఫలానా చోటే గీయడం మాత్రం సాంకేతికత ఒక్కటే తేల్చిన విషయంగా కనిపించదు.

ఆ గీత ప్రభావం చిన్నది కాదు. విండోస్ 11కి వెళ్లలేక సుమారు 24 కోట్ల పీసీలు చెత్తలోకి చేరే ప్రమాదం ఉందని 2023 డిసెంబర్‌లో కెనాలిస్ అనే పరిశోధన సంస్థ అంచనా వేసింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనే విద్యార్థికి కూడా ఈ గీత ముఖ్యం. ఒకే మోడల్ పేరు మీద ఏడో తరం, ఎనిమిదో తరం రెండూ వచ్చిన లాప్‌టాప్‌లు ఉన్నాయి. పైకి చూస్తే తేడా తెలియదు. ప్రాసెసర్ నంబర్ చూస్తేనే తెలుస్తుంది.

అన్నదమ్ముల రెండు లాప్‌టాప్‌లు

ఒక ఊహా ఉదాహరణ. అన్న దగ్గర ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్‌డిస్క్ ఉన్న లాప్‌టాప్ ఉంది. తమ్ముడిది ఐ5-7200యూ, అదే 8 జీబీ ర్యామ్, కానీ హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన స్టోరేజ్) వేయించుకున్నాడు.

విండోస్ 11కి అర్హత అన్న లాప్‌టాప్‌కే ఉంది. అప్‌గ్రేడ్ చేశాడు. ఆన్ చేస్తే తెర రావడానికి చాలాసేపు పడుతోంది, ఫోల్డర్ తెరిస్తే తిరుగుతూనే ఉంది. తమ్ముడి లాప్‌టాప్ విండోస్ 10 మీద చకచకా నడుస్తోంది, దానికి అర్హత లేదు. "11 అంటే స్లో" అని అన్న అంటాడు. "నాది నీదానికంటే ఫాస్ట్, నన్ను ఎందుకు వద్దంటున్నారు?" అని తమ్ముడు అడుగుతాడు.

అన్న మెషీన్ నెమ్మదికి ప్రధాన కారణం హార్డ్‌డిస్క్. విండోస్ 11 వెనక నడిపే పనులు డిస్క్‌ని ఎక్కువగా కదిలిస్తాయి, తిరిగే డిస్క్ వాటిని తట్టుకోలేదు. ఎస్ఎస్‌డీ వేస్తే అదే లాప్‌టాప్ తీరు మారిపోతుంది. తమ్ముడి లాప్‌టాప్‌కి ఉన్న అడ్డంకి వేగానికి సంబంధించింది కాదు, అధికారిక జాబితాకి సంబంధించింది. అర్హతకీ వేగానికీ నేరుగా లంకె లేదన్నమాట.

గడువు కొనుక్కోవడం: ఒకే సేవ, చోటుని బట్టి ధర

విండోస్ 10 మీదే ఉంటూ భద్రతా ప్యాచ్‌లు మాత్రం పొందే పథకం ఒకటుంది. దాన్ని ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అని పిలుస్తున్నారు. వ్యక్తిగత వాడకందారులకు ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13 వరకు. మెషీన్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్‌లను ఆ ఖాతాకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం. లేదంటే 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు గానీ, 30 డాలర్లు గానీ. ఒక ఖాతాతో పది మెషీన్ల దాకా వాడుకోవచ్చు. ఇందులో వచ్చేవి భద్రతా సవరణలే. కొత్త సౌకర్యాలు రావు, ఇతర చిన్నచిన్న లోపాల మరమ్మతూ ఉండదు.

ఐరోపాలో వినియోగదారుల సంఘాల ఒత్తిడి వల్ల అక్కడి ఆర్థిక మండలి దేశాల్లో బ్యాకప్ షరతు కూడా లేకుండా ఉచితం చేశారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో అప్పుడప్పుడు సైన్ ఇన్ అవుతూ ఉండటం మాత్రం తప్పదు. దాంతో డబ్లిన్‌లో ఉన్న తెలుగువాళ్లకి ఒక నియమం, ఆ మండలిలో లేని లండన్‌లోని వాళ్లకి ఇంకో నియమం వర్తిస్తోంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లదీ లండన్ వరసే.

సంస్థల లెక్క వేరు. ఆఫీసు డొమైన్‌లో (సంస్థ అన్నిటినీ ఒకచోటి నుంచి నిర్వహించే నెట్‌వర్క్‌లో) చేరిన మెషీన్లకు వ్యక్తిగత పథకం వర్తించదు. వాటికి మెషీన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. పది కంప్యూటర్ల ఆఫీసు ఉందనుకుందాం. మొదటి ఏడాది 610, రెండో ఏడాది 1,220, మూడో ఏడాది 2,440 డాలర్లు. మొత్తం 4,270. రెండో ఏడాది చేరదామనుకుంటే మొదటి ఏడాది రుసుము కూడా కట్టాల్సిందే. రెట్టింపు చేసుకుంటూ పోవడం వెనక ఉద్దేశం స్పష్టమే: ఎక్కువ కాలం ఆగాలనే కోరిక కలగకూడదు. విద్యాసంస్థలకు మాత్రం మెషీన్‌కి 1, 2, 4 డాలర్లే. 60 మెషీన్లున్న కాలేజీ ల్యాబ్‌కి మూడేళ్లకి కలిపి అయ్యేది 420 డాలర్లు. పది కంప్యూటర్ల ఆఫీసు కట్టేదాంట్లో అది దాదాపు పదో వంతు. అందువల్ల "ల్యాబ్ మొత్తం పాతబడింది, మార్చేయాలి" అనే మాటకి విండోస్ గడువు ఒక్కటే కారణమైతే అది బలమైన కారణం కాదు.

మారినవాళ్లకి దొరికేది, దొరకనిది

మూడో ప్రశ్న, రోజువారీ వాడకం. ఇక్కడ వాదనలు ఎక్కువ, తేల్చేది తక్కువ. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు, కిటికీలను తెర మీద సర్దే సౌకర్యం బాగున్నాయి. టాస్క్‌బార్‌ని పైకో పక్కకో జరుపుకునే వీలు తీసేశారు. రైట్ క్లిక్ చేస్తే ముందు కుదించిన మెనూ వస్తుంది. తెలుగు టైపింగ్ గురించి దిగులు అక్కర్లేదు: 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోకి వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ 11లోనూ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో కీబోర్డ్ కూడా ఉంది. మారి చూశాక నచ్చకపోతే మామూలుగా పది రోజుల్లోపు వెనక్కి పోవచ్చు.

వీటన్నిటికంటే ఎక్కువ చర్చ జరగాల్సింది డిస్క్ తాళం గురించి అని నా నమ్మకం. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ని మొదటి నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. ఉద్దేశం మంచిదే, లాప్‌టాప్ పోయినా డేటా ఎవరి చేతిలోనూ పడదు. దాని రికవరీ కీ ఆ ఖాతాలో భద్రమవుతుంది. ఇప్పుడు మన దగ్గర తరచూ జరిగేది గుర్తుచేసుకోండి. షాపులో ఓఎస్ వేయించుకుంటాం, అడ్డు తగలకుండా ఉండేందుకు అక్కడి అబ్బాయి అప్పటికప్పుడు ఏదో ఒక ఖాతా తెరిచి లాగిన్ చేస్తాడు. ఆ ఖాతా పేరు, పాస్‌వర్డ్ మనకి గుర్తుండవు. ఏడాది తర్వాత బయోస్ అప్‌డేట్ అయినప్పుడో, మదర్‌బోర్డ్ మార్చినప్పుడో తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. కీ లేకపోతే పిల్లల ఫొటోలు, ఆఫీసు లెక్కలు ఏవీ తిరిగి రావు. విండోస్ 10 నుంచి నేరుగా అప్‌గ్రేడ్ అయినప్పుడు ఇలా దానంతటదే తాళం పడదు. ఫార్మాట్ చేసి కొత్తగా వేసినప్పుడే ఈ చిక్కు.

దొడ్డిదారిన వేసుకుంటే

అర్హత లేని మెషీన్‌లో కూడా షరతుల తనిఖీని దాటవేసి విండోస్ 11 వేసే పద్ధతులున్నాయి, షాపుల్లో ధారాళంగా వేస్తున్నారు కూడా. చాలాసార్లు అది బాగానే నడుస్తుంది. అయితే అలాంటి మెషీన్లకు అప్‌డేట్‌లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. నెలవారీ ప్యాచ్‌లు వస్తున్నా, ఏటా వచ్చే పెద్ద వెర్షన్ మామూలుగా దానంతటదే రాదు. విండోస్ 11లో ఒక్కో వెర్షన్‌కీ విడిగా గడువు ఉంటుందని మర్చిపోకూడదు. హోమ్, ప్రో ఎడిషన్లకు 23హెచ్2 గడువు 2025 నవంబర్ 11తోనే అయిపోయింది, 24హెచ్2 గడువు 2026 అక్టోబర్ 13. అంటే దొడ్డిదారిన వేసి వదిలేసినవాళ్లు విండోస్ 11 మీద ఉండి కూడా సపోర్ట్ లేని స్థితికి చేరవచ్చు. మరీ పాత ప్రాసెసర్లలో కొన్ని ఆదేశాలే లేకపోవడం వల్ల 24హెచ్2 అసలు బూట్ కాదు.

డీటీపీ షాపు సంగతి

పై లెక్కలేవీ సరిగ్గా అతకని చోటు ఒకటుంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లతో పని జరుగుతోంది. ఏళ్ల తరబడి చేసిన కార్డుల ఫైళ్లన్నీ యూనికోడ్‌కి (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు చూపే పద్ధతికి) ముందు పద్ధతిలోనే ఉంటాయి. వాళ్లకి ఓఎస్ మారడం కంటే ఆ పాత సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ డ్రైవర్, ఉంటే డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌ని కాపీ చేసి వాడకుండా ఆపేందుకు కంప్యూటర్‌కి తగిలించే చిన్న పరికరం) కొత్తదాంట్లో నడుస్తాయా అన్నదే ప్రాణం మీదికొచ్చే విషయం. వాళ్లలో కొందరు పాత తరహా 32 బిట్ విండోస్ 10 వాడుతున్నారు. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు. 32 బిట్ ప్రోగ్రామ్‌లు 64 బిట్ విండోస్‌లో సాధారణంగా నడుస్తాయి. 32 బిట్ డ్రైవర్లు మాత్రం నడవవు. పాత స్కానర్‌కి 64 బిట్ డ్రైవర్ తయారీదారు ఇవ్వకపోతే ఆ స్కానర్ పని అక్కడితో సరి.

లైనక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు పాత మెషీన్లలో హాయిగా నడుస్తాయి, యూనికోడ్ తెలుగుకి వాటిలో ఏ లోటూ లేదు. బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే వాడకం ఉన్న ఇంటికి అది నిజమైన ప్రత్యామ్నాయం. పేజ్‌మేకర్ మీద బతికే షాపుకి కాదు.

అలాంటి షాపుల్లో కొన్ని పాత మెషీన్‌ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తీసేసి, డిజైన్ పనికే ఉంచుకుంటాయి. వాట్సాప్, ఈమెయిల్, చెల్లింపులు వేరే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చూసుకుంటాయి. భద్రత పరంగా ఇది సబబైన ఏర్పాటే, ఎందుకంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే దాడికి దారి ఉండదు. మిగిలే దారి కస్టమర్ తెచ్చే పెన్‌డ్రైవ్. దాన్ని నేరుగా పాత మెషీన్‌కి పెట్టడానికీ, అప్‌డేట్ అయిన రెండో కంప్యూటర్‌లో ముందు స్కాన్ చేసి ఫైల్ మాత్రం పంపడానికీ మధ్య ఉన్న తేడా ఆ షాపు విషయంలో విండోస్ 10కీ 11కీ మధ్య ఉన్న తేడా కంటే పెద్దది.